మూడో అంకానికి పట్టిన సమయం

సాన్ రోకె,
15 జనవరి 1979, సోమవారం.
ఉదయం సన్నజల్లు, తర్వాత ఎండ. హాలు ఊడ్చాను. వెనక వరుసలో విరిగిన కుర్చీకి మేకులు కొట్టాను.

హవానాలో టెలివిజన్ ప్రేక్షకుల లెక్కల విభాగం చూసే కామ్రేడ్ ఒదిలియా బర్రేరో గారికి, లుసెరో థియేటర్ కాపలాదారు ఎవెలియో సంబ్రానా నమస్కరించి రాయునది.

మీరు పంపిన ఫారం నింపి జతచేశాను. పాటల నాటకం 'రేవు రోసాల్బా', మొదటి అంకం. చూసినవారు అరవై ముగ్గురు. మొదలైంది నిన్న ఆదివారం మూడు గంటలకు, ముగిసింది మూడు యాభై ఎనిమిదికి.

మా ఊరికి నాటక బృందాలు రాక పదకొండేళ్ళయింది. అందుకని మీరిచ్చిన టెలివిజన్‌ని రంగస్థలం మధ్యలో బల్ల మీద పెట్టాను. జనం ఇస్త్రీ బట్టలు కట్టుకుని వచ్చారు. రోసాల్బా రేవులో నిలబడి పడవవాడి కోసం పాడినప్పుడు అందరూ ఏడ్చారు. పాట అయ్యాక మామూలుగానే కాళ్ళు నేలకేసి కొట్టి "బిస్! బిస్!" అని అరిచారు. అలా అడిగితే పాట మళ్ళీ పాడాలి. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు. ఈ హాలు కట్టిన నాటి నుంచీ అదే పద్ధతి. ఆమె మళ్ళీ పాడింది. రెండోసారి ఇంకా బాగుంది.

ఇట్లు,
తమ ఫారాలు జాగ్రత్తగా నింపే
ఎవెలియో

తా.క. మొదట అరిచింది నేనే. ముప్ఫై ఏళ్ళలో ఈ హాల్లో నేను గొంతెత్తడం ఇదే మొదలు కనుక రాస్తున్నాను.

*

హవానా,
18 జనవరి 1979.

కామ్రేడ్ ఎవెలియో గారికి,

ఆ కార్యక్రమం నిడివి యాభై నిమిషాలు. మీరు యాభై ఎనిమిది రాశారు. అది నవంబరులో తీసి డబ్బాలో పెట్టిన టేపు. మీ కేకలు దానికి వినబడవు. మీ హాలు గడియారం తప్పు. దాన్ని బాగుచేయడానికి ఫెర్మిన్ అనే మనిషిని పంపుతున్నాను. అతన్ని ఆదివారం దాకా ఉంచుకుని, తర్వాత వెంటనే తిప్పి పంపండి.

మీ ఊళ్ళో రమ్ము సీసాలు ఆదివారం ఎన్నింటికి తెరుస్తారో కూడా తెలియజేయగలరు.

లెక్కలు సరిగ్గా రావాలని కోరే,
ఒదిలియా బర్రేరో

తా.క. ఫారంలో 'వ్యాఖ్యలు' అనే గడి ఉన్నది రాయడానికి కాదు. ఖాళీగా వదలడానికి.

*

సాన్ రోకె,
22 జనవరి, సోమవారం.
మబ్బు. తెరకున్న చిరుగు కుట్టాను.

గౌరవనీయులైన ఒదిలియా గారికి,

ఫెర్మిన్ గారు శనివారం వచ్చారు. గడియారం విప్పి, తుడిచి, చెరకు మిల్లు కూతతో సరిచూసి, తప్పేమీ లేదన్నారు. రమ్ము సంగతి: ఆదివారం దుకాణం మూత.

రెండో అంకం నాలుగూ పద్నాలుగుకి ముగిసింది. సంత పాట నాలుగుసార్లు పాడింది. మూడోసారి నుదుటి మీది జుట్టు తోసుకుని ముందు వరుస వైపు చూసింది. అక్కడ విసనకర్రతో కూర్చునే ఎమెలీనా పెద్దమ్మ నన్ను మోచేత్తో పొడిచి, "చూశావా, నన్నే చూసింది! నువ్వు ముప్ఫై ఏళ్ళుగా టికెట్టే చూస్తావు గానీ మొహం చూడవు కదయ్యా," అంది.

నాలుగోసారికి ముందు రోసాల్బా పక్కకు చెయ్యి చాచింది. ఎవరో గ్లాసు అందించారు. ఆ చెయ్యి మాకూ కనబడింది. నీళ్ళు తాగి గొంతు పట్టుకుంది.

"పాపం, పిల్ల అలిసిపోయింది," అంది పెద్దమ్మ.

"అలిసిపోతే పోయింది, పాడుతోందిగా! బిస్!" అని అరిచారు ఫెర్మిన్ గారు. అందరికంటే పెద్ద గొంతు ఆయనదే.

ఇట్లు,
గడియారం సరిగ్గా ఉన్న
ఎవెలియో

తా.క. ఫెర్మిన్ గారు తిరిగి రావడం లేదు. గడియారాన్ని ఇంకో వారం గమనించాలట.

*

హవానా,
25 జనవరి.

ఎవెలియో గారూ,

ఇది ఆఫీసు ఉత్తరం కాదు. ఇంట్లో కూర్చుని రాస్తున్నాను.

రోసాల్బాగా పాడిన నియెవెస్ నా సొంత చెల్లెలు. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. మొన్న ఆదివారం వంటింట్లో యూకా దుంప చెక్కు తీస్తూ, మూడూ నలభైకి కత్తి కింద పెట్టి లేచి నిలబడింది. పెదవులు కదిలాయి, శబ్దం లేదు. నాలుగుసార్లు. నాలుగోదానికి ముందు చెయ్యి చాచింది. నీళ్ళ గ్లాసు అందించింది నేనే.

సాయంత్రానికి గొంతు పోయింది. పలక మీద రాసి మాట్లాడుతోంది. డాక్టరు చూసి, "రోజుకి ఎన్ని ఆటలమ్మా?" అని అడిగాడు. ఇంకొక్కసారి ఇలా జరిగితే గొంతు ఇక తిరిగి రాదన్నాడు. దానికి పాట తప్ప ఇంకో బతుకు తెలియదు.

ప్రసారం ఆపమని డైరెక్టర్ని అడిగాను. నేను మిమ్మల్ని అడిగిన రమ్ము ప్రశ్నే నన్నడిగాడు. మీకు పుణ్యముంటుంది, మూడో అంకంలో ఎవరినీ బిస్ అననివ్వకండి.

మీ మీదే ఆశ పెట్టుకున్న,
ఒదిలియా

తా.క. ముందు వరుసలో విసనకర్రతో ఉన్న పెద్దావిడ ఎవరని నియెవెస్ పలక మీద రాసి అడుగుతోంది.

*

సాన్ రోకె,
28 జనవరి, ఆదివారం.
ఎండ, గాలి లేదు. దీపాల చిమ్నీలు తుడిచాను. ఇది హాల్లోనే కూర్చుని రాస్తున్నాను.

ఒదిలియా గారూ,

చూసినవారు ఎనభై ఒక్కరు. పావు తక్కువ మూడుకి రంగస్థలం ఎక్కి, ఈరోజు ఎవరూ బిస్ అనకూడదని చెప్పాను.

"బాగుంటే నోరు ఊరుకుంటుందా ఎవెలియో?" అంది పెద్దమ్మ.

"ఊరుకోవాలి పెద్దమ్మా. లేకపోతే ఆ పిల్ల గొంతు పోతుంది."

"అయితే ఇదిగో," అని నోట్లో రుమాలు కుక్కుకుంది. ఫెర్మిన్ గారు టోపీ అంచు కొరికి పట్టుకున్నారు.

3.31కి చివరి పాట అయింది. కథ ప్రకారం ఇక ఆమె సముద్రంలోకి నడిచి చనిపోవాలి. మేమెవరం అరవలేదు. ఆమె నడవలేదు. మా వైపు చూస్తూ నిలబడింది. 3.34. 3.40.

పెద్దమ్మ రుమాలు తీసేసింది. "అరిచేది లేదులేవయ్యా. దానికి చేతకాకపోతే మనమే పాడదాం," అని సన్నగా ఎత్తుకుంది. అందరం కలిశాం. శ్రుతి లేదు. రోసాల్బా రేవు మెట్టు మీద కూర్చుని విని ఏడ్చింది. మా పాట 3.52కి అయింది. మీ చెల్లెలి గొంతు దక్కిందని సంతోషించాను.

అప్పుడామె లేచి, కాలు నేలకేసి కొట్టి, "బిస్!" అంది.

పద్ధతి కాబట్టి మళ్ళీ పాడాం. మళ్ళీ అడిగింది. అడిగిన ప్రతిసారీ ఆమె గొంతు ఇంకా తేటపడుతోంది. మీ ఇంట్లో కూడా ఇలాగే ఉందా, తెలియజేయగలరు. పెద్దమ్మ గొంతు ఏడోసారికి పోయింది, ఫెర్మిన్ గారిది తొమ్మిదోసారికి. ఇప్పటికి పదకొండు. తలుపులు తీసే ఉన్నాయి గానీ ఎవరూ లేవడం లేదు. గొంతున్నది నాకొక్కడికే. ఇన్నేళ్ళూ వాడలేదు కాబట్టి కావచ్చు. ఆమె నన్నే చూస్తోంది.

ఫారంలో ముగింపు గడి ఖాళీగా ఉంచాను. మిగతా పనులు వరసగా రాస్తాను.

5.20. ముందు తలుపుకి గడియ పెట్టలేదు.
5.22. మళ్ళీ కాలు నేలకేసి కొట్టింది. హాలు ఊడ్చడం—