చప్పుడు ఆగితే

కృత్తివెన్ను,
18-5-2025.

చి.ల.సౌ. అనూషకి నాన్న దీవెనలు.

ఇక్కడ మేమిద్దరం, నీ కూతురు యశస్విని కులాసా. గుడివాడలో నువ్వూ అల్లుడుగారూ కులాసా అని తలుస్తాను. ఫోన్లో నన్ను సగం మాట కూడా చెప్పనివ్వవు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

పిల్ల గురకకి ముక్కులో స్ప్రే కొట్టి, మాత్ర వేసి కొన్నాళ్ళు చూద్దామని బందరు డాక్టరుగారు అన్నారు. తగ్గకపోతే టాన్సిల్స్, ముక్కు వెనక పెరిగిన కండ తీసెయ్యాలన్నారు. ఐదేళ్ళ పిల్ల గొంతులో కత్తి పెట్టడమేమిటమ్మా? గురక తగ్గుతోందో లేదో చూసి చెప్పమన్నావు. చూస్తున్నాను. మందు మహ బాగా పనిచేస్తోంది.

నా చెవిని నమ్ము. రొయ్యల చెరువులో నీళ్ళు చిలికే ఏరియేటర్ ఒక్కటి ఆగినా, ఎంత నిద్రలో ఉన్నా లేచి కూర్చునే మనిషిని. మొదట్లో పిల్ల గురకకి మీ అమ్మ రంపపు మిల్లని పేరు పెట్టింది. ఇప్పుడు గురక పెడుతూ పెడుతూ ఠక్కున ఆపేస్తోంది. ఇల్లంతా ప్రశాంతంగా ఉంటుంది. కాసేపటికి గుటక వేసినట్టు పెద్ద శబ్దం చేసి, అటు తిరిగి పడుకుంటుంది. ఈ వారం ఆ ఆగడం ఇంకా ఎక్కువసేపు ఉంటోంది. అంటే తగ్గుతున్నట్టే కదా.

తల వెనక్కి వాల్చేసి పడుకుంటుంది. చెమటకి దిండు తడిసిపోతుంది. మన ఊరి ఉక్క నీకు తెలియనిదా. పొద్దున ఎంత లేపినా లేవదు, అన్నం తింటూ కునుకు తీస్తుంది. మీ అమ్మకి అదీ ఒక దిగులే. సెలవుల్లో పిల్లలు నిద్రపోక ఏం చేస్తారు? ఆపరేషన్ మాట ఇక ఎత్తకండి.

ఆశీస్సులతో,
మీ నాన్న
ధర్మారావు

తా.క.: అనూ, ఇది అమ్మ రాస్తున్నాను. ఉత్తరం పోస్టులో వేయించమని నాకిచ్చి మీ నాన్న భోజనానికి కూర్చున్నారు. అంతలో కరెంటు పోయి ఏరియేటర్లు ఆగాయి. చప్పుడు ఆగితే రొయ్యకి ఊపిరి అందదని, ఎంగిలి చేత్తోనే జనరేటర్ దగ్గరికి పరిగెత్తారు.

ఇంట్లో ఫ్యానూ ఆగింది. మంచం మీద పిల్ల గురకా లేదు. దగ్గరికెళ్ళి చూశాను. పొట్ట ఎగిరెగిరి పడుతోంది, ముక్కు దగ్గర వేలు పెడితే గాలి లేదు. పెదాలు నేరేడుపళ్ళు తిన్నట్టున్నాయి. కుదిపి కుదిపి లేపాను. ఆయన తిరిగొచ్చాక ఒక్క మాటే అన్నాను.

"రొయ్యల చప్పుడు ఆగితే పరిగెత్తారు. పిల్ల చప్పుడు ఆగితే మందు పనిచేసిందన్నారు."

ఆయన వెంటనే కారు తీశారు.

నిన్నూ బందరు రమ్మని ఫోన్ చేశాక, కారులో కూర్చుని ఇది రాస్తున్నాను. బందరులో ఈ ఉత్తరం నీ చేతికిస్తాను, డాక్టరుగారికి చూపించు. నిద్రలో ఊపిరి ఆగుతోందా అని ఆయన అడిగితే చూడలేదని చెప్పారట మీరు. మీ నాన్న చూశారు. అంతా తన చేత్తోనే రాశారు.

కారింకా బందరు చేరలేదు. పిల్ల నా ఒళ్ళో ఉంది, కళ్ళు మూతలు పడుతున్నాయి. మొహాన నీళ్ళు చల్లుతున్నాను, కథలు చెబుతున్నాను. దారంతా దాన్ని నిద్రపోనివ్వను.