రమణ చొక్కా సైజు

రమణా,

నువ్వు పోయాక మొన్నటిదాకా ప్రొద్దుటూరులో నేను సినిమా హాలు గడప తొక్కలేదు. తెర మీద ఇద్దరు మగవాళ్ళు చేతులు పట్టుకుంటే హాలంతా వెకిలిగా ఈలలు వేసేది. మన మీద అనుమానం రాకూడదని మనమూ వేసేవాళ్ళం. ఆ ఈలలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

మొన్న అమ్మ పోరు పెడితే ఒక పెద్ద హీరో సినిమాకు వెళ్ళాం. అందులో హీరో తమ్ముడు ఇంకో అబ్బాయిని ప్రేమిస్తాడు. హీరో ఆ ఇద్దరినీ ఇంటికి తీసుకొచ్చి, తన పక్కనే కూర్చోబెట్టుకుని అన్నం పెట్టిస్తాడు. వెనక ఎవడో ఈల వేశాడు. "ఊరుకోరా, సూడనీ!" అని ఇంకెవరో కసిరారు. మళ్ళీ ఈల వినపడలేదు.

మన సంగతి తెలిసినప్పటి నుంచి నీ పేరెత్తితే లేచిపోయే అమ్మ, ఇంటికొస్తూ అడిగింది: "రమణది చొక్కా ఏం సైజప్పా?"

ఈరోజు పెద్దల పండగ. ఇంట్లో పోయినవాళ్ళకు కొత్త బట్టలు పెట్టి మొక్కాం. నాయన పంచె పక్కన నీ చొక్కా ఉంది.

"అట్లా చూస్తాండావేంది? మనింటోడే గదా. తీసి తొడుక్కో," అంది అమ్మ.

నాకది భుజాల దగ్గర బిగుతు. అయినా దాంతోనే బజారంతా తిరిగొచ్చాను.