మేడ గదికి కాపలా

వీధిలో అందరూ మిషనమ్మ అని పిలిచే నేను, మతి స్థిమితంగా ఉండి, కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కించగల స్థితిలో, ఎవరి బలవంతమూ లేకుండా ఇష్టపూర్వకంగా రాయించిన వీలునామా ఇది. ఇదివరకటిది బీరువా అడుగు అరలో పెట్టి కిందటి వరదకు నానబెట్టాను కనుక దాన్ని వేరే రద్దు చేయనక్కర్లేదు.

1. నా స్వార్జితమైన ఇల్లు, కింద కుట్టు గది, పైన మేడ గదితో సహా, నా కూతురికి సర్వహక్కులతో చెందాలి. ఏటా ఎండలు ముదరక ముందే డాబాకు తెల్లసున్నం వేయించాలి. మానేసిన ఏడాది ఏమైందో తన వీపు మీది చెమటకాయలనే అడగొచ్చు. ఎండాకాలంలో కింద కుట్టు షాపు తెల్లారగట్ల తెరిచి మధ్యాహ్నం ఎండకు మూసేయాలి. బేరాలు పోతాయని మొదట్లో నేనూ భయపడ్డాను. ఇప్పుడు వీధంతా పొద్దున్నే వచ్చి కొలతలిచ్చి పోతోంది.

2. కుట్టుమిషనూ, దాన్ని కప్పు దాకా లాగే గిలకా తాడూ అల్లుడికి. నీళ్ళు గడప తాకగానే లాగి కట్టాలి. ఒకసారి ఆయన కట్టిన మిషన్ నా కాలి పక్కనే పడింది. మనిషి బంగారం, ముడి మాత్రం నమ్మరానిది. కాబట్టి లాగడం ఆయన వంతు, ముడి వేయడం నా కూతురి వంతు.

3. నా పెద్ద కత్తెర ఎదురింటి ఎలక్ట్రీషియన్‌కు. వరదకు అందకుండా స్విచ్‌బోర్డులన్నీ పైకి మార్చిపెట్టాడు, మంచివాడే. కానీ ఆ కత్తెరతో వైర్లు కోసి మొండి చేశాడు. ఇక అది అతనికే పనికొస్తుంది.

4. ఈ నిబంధన చదివే ముందు మా ఆడపడుచును టీ పెట్టమని వంటింట్లోకి పంపాలి. వీలునామా అమలు చేసే మందుల షాపాయన ఇది మరవకూడదు.

ఆడపడుచు అర్ధమొగుడంటారు. ఈవిడ పూర్తి మొగుడే. వెనక వీధి పల్లంలో, పెంకుటింట్లో ఒంటరిగా ఉంటుంది. నా గిలక చూసి, "మిషన్‌కి ఉయ్యాల కట్టావా" అని ఊరంతా చెప్పి నవ్వింది. ఆ ఏడే ఆవిడ ఫ్రిజ్ తేలుకుంటూ గుమ్మం దాటింది. ఎప్పుడో గానీ రాని వరద ఇప్పుడు ఏటా వస్తోంది. ఏటా మా మేడ మీదికి రమ్మంటాను, ఏటా ఒకటే జవాబు: "నేనొకరి పంచన చేరను." కిందటిసారి నడుంలోతు నీళ్ళలో బల్లెక్కి నిలబడి కూడా అదే మాట. ఆ రోజు నా పై ప్రాణాలు పైనే పోయాయి. నేను పోయాక ఆవిడను పిలిచేదెవరన్నదే నా బెంగ.

అందుకని ఆవిడకు నేనేమీ ఇవ్వడం లేదు, పని అప్పగిస్తున్నాను. వానలప్పుడు వీధివాళ్ళు పరుపులు, పిల్లల పుస్తకాలు, ఇంటి కాగితాలు నా మేడ గదిలో దాచుకుంటారు. తర్వాత ఏ పరుపు ఎవరిదో తేలక తగువులు. అందరినీ సమానంగా అనుమానించగల మనిషి ఈ చుట్టుపక్కల ఆవిడొక్కతే. తొలి వాన నుంచి వానాకాలం వెళ్ళేదాకా తాళంచెవి ఆవిడ దగ్గరే ఉండాలి, ఆవిడ ఆ గదిలోనే పడుకోవాలి. ఇది పంచన చేరడం కాదు, కాపలా. ఈ హక్కు ఆవిడకు జీవితాంతం ఉంటుంది, నా వారసులు అడ్డుచెప్పరాదు. ఆవిడ నడుంనొప్పికి తగ్గట్టు మంచం ఎత్తు పెంచి ఉంచాను. ఆ సంగతి చెప్పొద్దు.

5. వదినా, టీ పెట్టకుండా తలుపు వెనక నిలబడి అంతా విన్నావని నాకు తెలుసు. చెప్పిన మాట నువ్వెప్పుడు విన్నావు గనుక! తాళంచెవి మందుల షాపాయన జేబులో ఉంది. తీసుకో. మబ్బు పట్టకముందే మెట్లెక్కు.

తేదీ: జూన్ నాలుగు, వానలు ఇంకా మొదలుకాలేదు

సంతకం: మిషనమ్మ

సాక్షులు:
పాల బూత్ ఆవిడ
పక్కింటి లెక్కల మాష్టారు (వీరి పరుపు ఇంకా దొరకలేదు)