కుడి మూల

తుర్విహాళ,
మార్చి 3

పంపాపతి మామకు,

ముందు నమస్కారం, వెంటనే కోపం. మీకు చెవులు వినపడితే ఫోన్లోనే పోట్లాడేదాన్ని. వినపడదు కాబట్టి బతికిపోయారు. ఇంత కోపాన్ని కాగితం మీద పెట్టేసరికి నాకే చెయ్యి నొప్పి పుడుతోంది.

ప్రాణంతో సమానమని చెప్పి మీరిచ్చిన షిఫ్ట్ లెన్సు నా ప్రాణం తోడేస్తోంది. మా ఆయన వెంకటేశ్ సొంతంగా కట్టిన మొదటి పెద్ద కట్టడం ఇక్కడి కాలువ కింద పొలాలకు వలస వచ్చి స్థిరపడ్డ క్యాంపు వాళ్ల ఫంక్షన్ హాలని మీకు తెలుసు. ఇరవై రెండో తారీఖున మా ఆడపడుచు సుప్రియ పెళ్లితోనే దానికి ప్రారంభం. ఆ రోజుకు హాలు ఫొటో తలుపంత పెద్దది చేయించి లోపల పెట్టాలని ఆయన పట్టు. ముందు వైపు తీద్దామంటే ట్రాన్స్‌ఫార్మరూ, దాని తీగలూ. అందమైన కమానులన్నీ వెనక వైపే. అక్కడ వెనక్కి జరుగుదామంటే నా మడమల కిందే పిల్లకాలువ. అది హాలు వెంబడే పారి, కుడి మూల దగ్గర మలుపు తిరిగి పొలాల్లోకి పోతుంది. రెండడుగులు వెనక్కి వేస్తే కెమెరాతో సహా వరిమళ్లలో తేలతాను. అందుకే మీ లెన్సు అడిగాను. ఎంత దగ్గర నుంచి తీసినా కట్టడం మొత్తం పడుతుందనీ, కెమెరాను పైకెత్తకుండా మర తిప్పి లెన్సును మాత్రమే పైకి జరిపితే గోడలు నిటారుగా వస్తాయనీ మీరే కదా నేర్పింది?

రాలేదు. మూడు రోజులుగా అదే పని. స్టాండు కాళ్లు బురదలో దిగబడుతుంటే కింద పెంకులు పెట్టాను. కెమెరా మీద రసమట్టం పెట్టాను, బుడగ మధ్యలోంచి కదల్లేదు. ఎడమ మూల నిటారుగా వచ్చింది. కుడి మూల మాత్రం పైకి పోయేకొద్దీ బయటికి ఒరిగింది. పొద్దున తీశాను, సాయంత్రం తీశాను, అంతే. హాలు ఊడ్చి కాపలా కాసే సుంకమ్మ చీపురు పట్టుకుని ఇదంతా చూసి, "ఏందమ్మా, మూడు దినాలాయె, గోడ యాడికన్న పోతదా?" అంది. పాపం, ఆమె మీద కూడా విసుక్కున్నాను.

ఆయనకు చెబితే నవ్వారు. "దానికింత గొడవెందుకే? జనవరిలో లాగినట్టు కంప్యూటర్లో లాగేయ్," అన్నారు. జనవరిలో మామూలు లెన్సుతో, కెమెరా పైకెత్తి తీశాను. గోడలు రెండూ లోపలికి వాలినట్టు వస్తే, ఒక్కో మూలా పట్టుకుని లాగి నిలబెట్టాను. ఫోన్లో చూడటానికి బాగానే ఉంది. తలుపంత చేస్తే సాగదీసినట్టు కనిపిస్తుందనే కదా ఈ తంటా అంతా. మళ్లీ లాగుడేనంటే మీ లెన్సెందుకు, దాన్ని మోసుకు తిరగడమెందుకు?

నిజం చెప్పండి. దీన్ని ఎప్పుడైనా కింద పడేశారా?

మీ మీద అలిగిన,
కిరణ్మయి


రాయచూరు,
మార్చి 7

బిడ్డా కిరణ్మయీ,

లెన్సు ఎన్నడూ కింద పడలే. దాన్ని పట్టుకొని నేనే రెండుసార్లు పడ్డ. నీ తిట్లన్నీ చదివిన, అక్షరాలు మంచిగున్నయి.

ఒక పని చెయ్యి. కెమెరాను కుడికి తిప్పి, గదే మూల ఫొటోల ఎడమ దిక్కు పడేటట్టు తియ్యి. రసమట్టం మరువకు. తప్పు లెన్సుదైతే ఈసారి మూల నిటారుగ వస్తది. వంపు మూల వెంబడే వచ్చిందనుకో, ఇగ లెన్సును తిట్టకు.

గట్ల వస్తే, మీ ఆయనకు చెప్పే ముందు కూసొని ఇన్ని నీళ్లు తాగు.

పంపాపతి


తుర్విహాళ,
మార్చి 10

మామా,

వంపు మూల వెంబడే వచ్చింది. ఒరిగింది గోడే.

నీళ్లు తాగాను. కాలువ గట్టు మీద చాలాసేపు కూర్చున్నాను. ఇన్నాళ్లూ లెన్సును తిట్టాను, మిమ్మల్ని తిట్టాను. తిట్టాల్సింది నన్ను. మీకు రాయని సంగతి ఒకటుంది.

జనవరిలో ఆ కుడి పక్క తలుపు పట్టేస్తోందని, గట్టిగా నూకితే తప్ప మూసుకోవడం లేదని సుంకమ్మ చెప్పింది. హాలు కమిటీ వాళ్లు గోడ సంగతేమిటని అడిగారు. ఆయన జేబులోంచి ఫోన్ తీసి నా ఫొటో చూపించారు. "చూడండి, దారం కట్టినట్టు లేదూ?" అన్నారు. అందరూ తలలూపారు. పక్కనే నిలబడి నేను మురిసిపోయాను. ఆ ఫొటోను లాగేటప్పుడు ఎడమ మూలను చాలా లాగాల్సి వచ్చింది, కుడి మూలను కొంచెం లాగితే సరిపోయింది. ఎదురుగా నిలబడి తీసిన కట్టడానికి రెండు వైపులా ఒకేలా లాగాలని మీ దగ్గర నేర్చుకున్నదాన్ని. ఎందుకిలా అని ఒక్క క్షణం అనిపించింది. కొంచెం పక్కకు నిలబడి ఉంటానులే అనుకుని ముగించాను.

ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని ఆయనకు చెప్పను? పదకొండేళ్లు ఒకరి కింద సూపర్‌వైజర్‌గా చేసి, ఈ ఒక్క హాలుతో పేరు నిలబెట్టుకుందామనుకున్న మనిషి. నేను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఫొటో లాగేయడం గంట పని. నిన్న ఆ గంట పనికే కూర్చున్నాను, మౌసు మీద చెయ్యి కూడా పెట్టాను. ఆ మూల పక్కనే పెళ్లినాడు ఆడవాళ్లకు కుర్చీలు వేసేది. చెయ్యి తీసేశాను.

రేపు పొద్దున చెబుతాను. ఈ పనిలోకి ఎందుకొచ్చానా అనిపిస్తోంది.

కిరణ్మయి


తుర్విహాళ,
మార్చి 16

పంపాపతి మామకు,

చెప్పాను. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆయన మండిపడ్డారు. అరవై ఏళ్ల ముసలాయన పాత అద్దాన్ని నమ్మి కట్టుకున్నవాడి గోడకు వంక పెడతావా అన్నారు. నాకూ ఒళ్లు మండింది. మర్నాడు పొద్దున సుంకమ్మను కింద నిలబెట్టి హాలు పైకెక్కి, మేస్త్రీలు గోడ నిలువు చూసే గుండును ఆ మూల నుంచి దారంతో కిందికి వదిలాను. సుంకమ్మ గోడకూ దారానికీ మధ్య చెయ్యి పెట్టి చూసి, "నాలుగు వేళ్ల దూరముందమ్మా," అంది. దిగి వచ్చేసరికి ఆయన అక్కడే ఉన్నారు.

ఆయన దారం తీసుకుని పైకెక్కి తన చేత్తో మూడు చోట్ల గుండు వదిలారు. ఎడమ మూల తేడా లేదు. ఇటు నాలుగు వేళ్లు. నల్లరేగడి నేల, కాలువ మలుపు దగ్గర నీళ్లు దిగి పునాది కింద మెత్తబడి కుంగినట్టుంది. ఆయన వచ్చి గట్టు మీద కూర్చున్నారు. తిడతారనుకుని సిద్ధంగా ఉన్నాను.

"తలుపు పట్టేసినప్పుడే గుండు వేసి చూద్దామనుకున్నా," అన్నారు. "నీ ఫొటో చూశాక మానేశా. నా కన్నుకంటే నీ ఫొటోనే నమ్మాను కిరణ్."

తిట్టినా బాగుండేది మామా. కుడి మూలను తక్కువ లాగిన సంగతి అప్పుడు చెప్పాను. ఏడుస్తూనే చెప్పాను. ఆయన విని, లేచి, కమిటీ వాళ్లకు ఫోన్ చేశారు.

సింధనూరు నుంచి ఇంజనీరు వచ్చి చూసి తాళం వేయించాడు. ఆ పక్క గోడ విప్పి పునాదితో సహా మళ్లీ కట్టాలట. పెళ్లి స్కూలు మైదానంలో, షామియానా కింద. సుప్రియ రెండు రోజులు ఏడ్చింది. అత్తయ్య నా ముందు కాఫీ గ్లాసు ఠక్కున పెట్టి పోతున్నారు. ఆయనకు రావాల్సిన ఇంకో హాలు పని కూడా ఆగిపోయింది. అన్నీ నా వల్లే అనిపించి ఎవరి మీద విసుక్కోవాలో తెలియడం లేదు.

నిన్న ఆయన నా గదిలోకి వచ్చి ఫొటో అడిగారు. ఏ ఫొటో అన్నాను.

"వంకరది. లాగకుండా ఇవ్వు."

తలుపంత చేయించారు. కింద కన్నడంలోనూ తెలుగులోనూ లోపలికి పోవద్దని రాయించి, హాలు గేటుకు తనే కట్టారు. సుంకమ్మ దాని ముందు నిలబడి అటూ ఇటూ చూసి, ఇప్పుడు సరిగ్గ ఉంది అంది.

లెన్సు ఈ పెట్టెలోనే పంపుతున్నాను. శుభ్రంగా తుడిచాను. ఫొటో కాపీ ఒకటి అడుగున ఉంది, చూడండి. ఎడమ మూల నిటారుగా ఉంది, కుడి మూల ఒరిగి ఉంది. నేను దేన్నీ ముట్టుకోలేదు.

మీ శిష్యురాలు,
కిరణ్మయి