పసుపు కుక్క ఉన్న ఇల్లు పాసయింది

ఖమ్మం

అక్కా,

నువ్వూ బావా కులాసానా? తునికాకు కోతకు ఎండలో తిరిగి నీ తలనొప్పి మళ్లీ మొదలైందేమో, రాయి. మేమిద్దరం బాగానే ఉన్నాం, బెంగ పెట్టుకోకు. ఫోన్‌లో చెబితే సగంలో సిగ్నల్ పోతుంది, నా కోపం కూడా సగంలోనే తెగుతుంది. అందుకే రాస్తున్నాను. ముందే చెబుతున్నా, గెలిచాం!

గ్రానైట్ పాలిషింగ్‌లో నా పని మామూలే. ఒళ్లంతా తెల్ల బురద. రేకుల కింద ఉడికిపోతున్నాం. ఏం వండుకున్నా నీ చింతచిగురు పప్పే గుర్తొస్తుంది. సరే, అసలు సంగతి.

దత్తతకు అర్జీ పెట్టాం కదా. బిడ్డను ఇచ్చేముందు ఇంటినీ మనుషులనూ చూడటానికి దత్తత ఆఫీసు మేడం వస్తుందని కబురొచ్చింది. ఆ రోజు నుంచి ఇంటి ఓనరు నోరు మూయలేదు. "కుక్క, పిల్లి తిరిగే కొంపకు పిల్లనెవడిస్తడు? జల్దీ తోలెయ్." నీ మరిది కూడా భయపడి, మా కుక్క తెల్లోణ్ని ఒక్క పూట నా పని షెడ్డులో కట్టేద్దామా అన్నాడు. నాకు మండింది.

"ఇయ్యాల దాస్తం. బిడ్డ వచ్చినంక రోజూ దాస్తమా?" అన్నాను.

కుక్కకూ పిల్లికీ పశువుల దవాఖానాలో సూదులు వేయించి కార్డులు తెచ్చాను. వాటి గిన్నెలు వంటింట్లోంచి వసారాలోకి మార్చాను. బావ పంపిన వెదురుతో లోపలి గదికి నడుమెత్తు తడక తలుపు కట్టాం. అక్కడితో ఆగితే బాగుండేది. నీ మాట విన్నాను! పిడుదులు పోవాలంటే వేపాకు, పసుపు పట్టించమన్నావు. మేడం వచ్చే రోజు పొద్దున్నే గిన్నెడు పట్టించాను. ఎంత కడిగినా పోలేదు. తెల్లోడు పచ్చగా మెరుస్తున్నాడు. వాణ్ని ఆనుకుని పడుకున్న పిల్లికి ఒక పక్కంతా పసుపే.

మేడం గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏమ్మా, కుక్కకు చర్మం జబ్బా?"

వెనక నుంచి ఓనరు, "నేను ముందుగాలే చెప్పిన మేడం!"

కార్డులు తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. "జబ్బు కాదు మేడం, మా అక్క వైద్యం."

ఆమె నవ్వలేదు. "పాపనూ కుక్కనూ ఒక్క గదిలో వదిలి నీళ్లకు పోతావా?"

"పోను. ఎంత మంచిదైనా కుక్క కుక్కనే. మా ఊళ్ల కోళ్లు ఉయ్యాల కాడికి రాకుండ గిట్లనే తడక కడ్తరు" అని తలుపు మూసి చూపించాను. ఆమె రెండు చేతులతో ఊపి చూసింది. కదల్లేదు. తెల్లోడు ఇవతలే గడ్డం నేలకానించి పడుకున్నాడు. అప్పుడు ఓనరు వైపు తిరిగింది. "ఈ కుక్క ఎవరినైనా కరిచిందా?"

అతడు నేల చూశాడు. "లేదు మేడం."

"మీ మీద మొరిగిందా?"

"నేను కేకలేసినప్పుడే."

అప్పుడు నవ్వింది మేడం!

నిన్న రిపోర్టు వచ్చింది. మా ఇల్లు బిడ్డకు తగినదని రాసింది. కుక్క, పిల్లి ఉన్నాయనీ, జాగ్రత్తలు బాగున్నాయనీ కూడా రాసింది. ఏదీ దాచకుండా పాసయ్యాం అక్కా! మా వంతు ఎప్పుడొస్తుందో తెలియదు. ఎన్నాళ్లయినా చూస్తాం.

బావకు నా దండాలు, తడక ఆయన పుణ్యమే అని చెప్పు. వాడకట్టు పెద్దలందరినీ అడిగానని చెప్పు. అమ్మ పాత నూలు చీర ఉంటే ఉయ్యాలకు పంపు. రాబోయే నా బిడ్డకు మీ ఇద్దరి దీవెన కావాలి. వైద్యం మాత్రం వద్దు.

నీ చెల్లె,
సుజాత