గేటు దగ్గర ఉప్పు

3 మార్చి 1956
నిన్నటితో నౌకరీ అయిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళు రబ్బరు ఎస్టేట్ ఆఫీసులో కిరాణీగా, అంటే గుమాస్తాగా, లెక్కల పుస్తకాలు రాశాను. మేనేజరు దొర షేక్‌హ్యాండ్ ఇచ్చి, గోడ గడియారం చేతిలో పెట్టాడు. ఇవాళ పోర్ట్ స్వెట్టెన్‌హామ్ రేవుకి వెళ్ళి, కోతకని ఆస్ట్రేలియా నుంచి ఓడలో దిగిన గొర్రెల్లో పదకొండు కొనుక్కొచ్చాను. లారీ డ్రైవరు మునుసామి దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నాడు. యాభై ఐదేళ్ళకి పిచ్చి పట్టిందా అని అడిగాడు. పట్టింది. ఏం చేస్తాడట?

5 మార్చి
ఎందుకు కొన్నానో ఇక్కడైనా రాసుకోవాలి. నాన్న విశాఖపట్నం వైపు నుంచి ఈ దేశానికి ఓడెక్కినప్పుడు భుజాన ఒక నల్ల గొంగడి ఉండేది. మేం గొల్లలం. వాన పడితే నన్ను అందులో చుట్టి ఒళ్ళో కూర్చోబెట్టుకునేవాడు. అది పేలికలై పోయింది. నాన్నా పోయాడు. చెమటలు కక్కే ఈ ఊళ్ళో గొంగడి ఎవడికి కావాలి? నాకు కావాలి. చచ్చేలోపు ఒక్కటి, నా గొర్రెల ఉన్నితో.

19 మార్చి
మా లైన్ల చుట్టూ, అంటే ఎస్టేట్ కూలీల ఇళ్ళ వరసల చుట్టూ, ముళ్ళకంచె. అడవిలో ఉన్న కమ్యూనిస్టులకి తిండి అందకూడదని గేటు దగ్గర అందర్నీ తడుముతారు. బియ్యం, ఉప్పు, డబ్బా పాలు, ఏదీ బయటికి పోకూడదు. గొర్రెల్ని లోపల ఉంచడానికి వీల్లేదన్నారు. కంచె బయట రబ్బరు చెట్ల కింద షెడ్డు వేశాను, చిత్తడికి గిట్టలు కుళ్ళకుండా ఎత్తుగా పలకలు పరిచి. పొద్దున్న ఆరింటికి నేను బయటికి, సాయంత్రం ఆరింటికి లోపలికి. పర్మిట్ నా పేరు మీద. ఏ చిన్న తప్పు జరిగినా మందని కోతకి పంపేస్తానన్నాడు ఇన్‌స్పెక్టరు.

2 ఏప్రిల్
పచ్చయమ్మ వచ్చింది. వెనక లైన్లో ఒంటరిగా ఉంటుంది. మొగుడు పోయాడు, కూతురికి పెళ్ళయింది, రబ్బరు పాలు తీసే పని ఈ మధ్యే మానేసింది. తండ్రి తమిళుడు, తల్లి మా వైపు మనిషి. తల్లి కదురు ఇంకా పెట్టెలో దాచుకుందట. గొర్రె వీపు మీద చెయ్యి వేసి, ఉన్ని రెండు వేళ్ళతో మెలిపెట్టి చూసి, వడకొచ్చు అంది. ఆ చేతినే చూస్తూ నిలబడ్డాను. వెధవ మనసు.

11 ఏప్రిల్
ఇవాళ రాలేదు.

12 ఏప్రిల్
వచ్చింది.

20 మే
రోజూ వస్తోంది. నేను గొంతు చించుకుని పిలిచినా గొర్రెలు తల ఎత్తవు, ఆవిడ దగ్గితే చాలు పరుగెడతాయి. గొర్రెల్ని తమిళంలో తిడుతుంది, తెలుగులో ముద్దు చేస్తుంది. నన్ను రెండు భాషల్లోనూ తిడుతుంది. మా ఆవిడ పోయిన తొమ్మిదేళ్ళలో ఇంతగా నవ్వలేదు.

6 జూన్
ఉప్పు లేక గొర్రెలు షెడ్డు పలకలు నాకుతున్నాయి. చెమట పట్టిన నా చొక్కా నమిలేశాయి. అమావాస్యనాడు మందకి ఉప్పు పెట్టడం మా ఇంటి ఆచారం, నాన్న చెప్పేవాడు. ఉప్పు పట్టుకెళ్ళడానికి పర్మిట్ అడిగితే ఆఫీసులో నవ్వారు. ఎల్లుండే అమావాస్య. ఆడవాళ్ళని గట్టిగా తడమరు కదా, కొంగున కట్టి తెమ్మని పచ్చయమ్మని అడిగాను. సరే అంది. ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు.

8 జూన్, సాయంత్రం
గేటు దగ్గర ఇవాళ పొద్దున్నుంచే కొత్తగా ఆడ గార్డుని పెట్టారు. ఆ గార్డు పచ్చయమ్మ చేత కొంగు ముడి విప్పించింది. ఉప్పు. ఎవరికి తీసుకెళ్తున్నావని ఇన్‌స్పెక్టరు అడిగాడు. ఆవిడ వెనక మూడో మనిషిని నేను. నోరు తెరిస్తే పర్మిట్ పోతుంది, గొర్రెలు పోతాయి, గొంగడి పోతుంది. అక్కడ నిలబడి ఇదంతా ఆలోచించుకున్నాను. తీరిగ్గా.

ఆవిడ నా వైపు చూడనైనా చూడలేదు.

"నాదే బాబూ. మజ్జానం గంజిలోకి తెచ్చుకున్నాను" అంది.

జీపు ఎక్కించారు. నేను కాగితం చూపించి, గేటు దాటి, గొర్రెల్ని మేపుకున్నాను.

9 జూన్
థూ.

14 జూన్
ఐదు రోజులు ఉంచి వదిలారట. కూతురు శివగామి, అల్లుడు వచ్చి స్టేషన్ నుంచి అటే వాళ్ళుండే జార్జ్ టౌన్ తీసుకుపోయారు. ఎవరెంత అడిగినా గంజిలోకే అందట. మునుసామి ఈ సంగతి చెప్పి నాకేసి అదోలా చూశాడు. ఆవిడ గది ముందు నుంచి రెండుసార్లు నడిచాను. తాళం.

2 డిసెంబర్
మొదటి ఉన్ని కత్తిరించాను. బస్తా నిండింది. వడికేవాళ్ళ కోసం పట్నంలో మనవాళ్ళుండే బ్రిక్‌ఫీల్డ్స్ దాకా పోయి వెతికాను. అబద్ధం ఎందుకు, ఎక్కడ దొరుకుతారోనని భయపడుతూనే వెతికాను. దొరకలేదు. హాయిగా ఉంది.

బస్తా మంచం పక్కనే పెట్టుకున్నాను. గది అంతా గొర్రె కంపు. ఆవిడ చేతులకీ ఇదే వాసన ఉండేది.

17 ఫిబ్రవరి 1957
పొద్దున్నే గొర్రెలు ఇంకా గేటు వైపు చూస్తాయి. నేనూ చూస్తాను.

31 ఆగస్టు
మెర్డేకా. స్వాతంత్ర్యం వచ్చింది. లైన్లంతా రేడియో చుట్టూ చేరాం. అందులో మెర్డేకా అని అరిచినన్ని సార్లూ మేమూ అరిచాం. పిల్లలకి మిఠాయి పంచారు. మా వైపు కమ్యూనిస్టుల బెడద తీరి వైట్ ఏరియా అయిందని గేటు బార్లా తీసేశారు, గార్డులు లేరు. దోసిలి నిండా ఉప్పు పట్టుకుని అందరూ చూస్తుండగా బయటికి నడిచాను. ఎవరూ అడగలేదు. అడిగితే బాగుండును. గొర్రెలు అరచేయి నాకుతుంటే ఏడ్చాను. పచ్చయమ్మని చూడాలని ఉంది. గొంగడి లేకపోయినా సరే.

2 సెప్టెంబర్
గొర్రెల్ని మునుసామికి అప్పగించాను. ఏడాది ఆలస్యంగానైనా కదిలావు అన్నాడు. అల్లుడి అడ్రసు వాడే రాసిచ్చాడు. ఆ ఉప్పు సంగతి వాడికి మొదటి నుంచీ తెలుసు.

4 సెప్టెంబర్, జార్జ్ టౌన్, ఉదయం
తలుపు పచ్చయమ్మే తీసింది. వెనక కూతురు, అల్లుడు. నా భుజం మీది ఉన్ని బస్తా చూసింది. నన్ను చూసింది.

"ఆ ఉప్పు ఎవరిది, కిరాణీ బాబూ? ఈళ్ళకి సెప్పు."

చెప్పాను. వీధిలోవాళ్ళకి కూడా వినబడింది.

బస్తా లోపల పెట్టమంది.