వినపడని చప్పుడు

బావా,

క్షేమం. మీ ఆఫీసువాళ్ళు రేవులో దింపిన యంత్రాన్ని నేనే చూసుకుంటున్నాను. అది నీళ్ళలోకి చప్పుడు పంపుతుంది. తేలే మట్టి రేణువులకు తగిలి చప్పుడు వెనక్కి వస్తుంది. మట్టి పెరిగేకొద్దీ గట్టిగా వస్తుంది. పూడిక తీసే ఓడ వచ్చి అడుగు మట్టి రేపాక మరీ గట్టిగా వస్తోంది. ఎంత చప్పుడుకు ఎంత మట్టో తేలాలంటే ఆ నీళ్ళలోని మట్టిని తూచాలి. నీ స్టోరు నుంచి సీసాలు ఆరు పంపు. లెక్క తేలితే ఓడను ఆపుతారు. లేకపోతే అక్క రేవులో తాళ్ళకు కట్టి పెంచుతున్న ఆలిచిప్పలు మట్టికి ఊపిరాడక చస్తాయి.

ఇట్లు,
నీ బావమరిది

తా.క. ఈ చప్పుడు మనిషి చెవికి వినపడదు.

ఒరేయ్ బామ్మర్దీ,

సీసాలా? అదీ ఆరా? నీకీ అలవాటు ఎప్పట్నుంచిరా? నీ ఉత్తరం మా పైఅధికారి కంట పడింది. "వినపడని చప్పుడు గట్టిగా వస్తోందట. ఇంకా సీసాలు కూడానా?" అని నావైపు జాలిగా చూశాడు. ఖాళీవే పంపుతున్నాను. ఇక మానెయ్.

మీ బావ

తా.క. మీ అక్కకు చెప్పను.

బావా,

నేను తాగను. నాకు కావలసినవీ ఖాళీవే. రేవు నీళ్ళు నింపి పంపాను. వడకట్టి తూచాలని ప్రయోగశాలలో చెప్పు. ఆలస్యం చేయకు.

నీ బావమరిది

తా.క. చచ్చిన చిప్ప నోరు తెరుస్తుంది. అడుగు వరసలో అన్నీ తెరిచాయి. అక్క కూడా తెరిచింది. నిన్నే తిడుతోంది.

ఒరేయ్,

అంత మురికినీళ్ళు పంపుతార్రా ఎవరైనా? మన ఇంటి పరువేం కాను? ప్రయోగశాలదాకా పోనివ్వకుండా నేనే గుడ్డ నాలుగు మడతలు వేసి వడకట్టి, తేటనీళ్ళు ఇచ్చాను. మట్టి బొత్తిగా లేదని తేలింది. పైఅధికారి భేష్ అన్నాడు. ఇంకో ఓడను కూడా పంపుతున్నారు. మీ అక్కకు ఈ శుభవార్త చెప్పు.

మీ బావ

తా.క. ఆ గుడ్డ పారేశాను. అబ్బ, ఎంత బరువుందిరా!

బావా,

నేను అడిగింది ఆ బరువే.

రెండో ఓడ వచ్చింది. పై వరస చిప్పలు కూడా నోళ్ళు తెరిచాయి. తాళ్ళు గట్టుమీదికి లాగేశాం. నీ ఉత్తరం అక్కకు చదివి వినిపించాను. నీ తా.క. మళ్ళీ చదవమంది. చదివాను.

నీ బావమరిది

తా.క. అక్క పొద్దుటి బస్సుకు మీ ఆఫీసుకే బయలుదేరింది. నోరు మూసుకునే వెళ్ళింది. అక్కడ తెరుస్తుంది. ఎంత చప్పుడుకు ఎంత మట్టో అప్పుడు లెక్క రాసుకో. ఈసారి చెవికి వినపడుతుంది.